బోనులో పకోడీ

చెల్లీ, మొన్న ఫోనులో "అటక మీద ఎలుకలు పడ్డాయక్కా, మందు పెట్టనా?" అన్నావు చూడు, నాకు మా అత్తగారి పెంకుటిల్లు గుర్తొచ్చి నవ్వాగలేదు. మేమూ అచ్చం నీలాగే మూడు నెలలు ఎలుకల మీద యుద్ధం చేశాం. బోను పెట్టాం, అందులో రోజూ ఓ పకోడీ. చీమలు తిన్నాయి. తెల్లారేసరికి వడ్లబస్తాల మీద నల్లటి పెంటికలు మాత్రం మామూలే.

చివరికి మా అత్తగారే ఓ పెంటికను చీపురుపుల్లతో నొక్కి చూశారు. పొడిపొడిగా రాలిపోయింది. ఆ పొడిలో పురుగుల రెక్కల ముక్కలు తళుక్కుమన్నాయి. "ఎలుకదైతే ఇలా రాలదే, గట్టిగా ఉంటుంది. నేల మీద కాదు, పైన వెతకండి" అన్నారు.

పైన వెతికితే, చూరు కింద వాసం గోడలో దిగేచోట బొటనవేలు పట్టేంత సందు! దాని అంచున సున్నం మీద నల్లటి జిడ్డు మరక, నూనె తల ఆనించి కూర్చునేచోట గోడకి పడుతుందే, అలాంటిది. రోజూ ఒళ్లు రాసుకుంటూ రావడం, పోవడం అందులోంచే కదా మరి. పైగా ముక్కుపుటాలు అదిరే ఉచ్చకంపు. అవి ఎలుకలు కావు, గబ్బిలాలు! పేరులోనే గబ్బుంది మరి.

నీకు ఇంకా అనుమానంగా ఉంటే దీపాలు పెట్టే వేళకి పెరట్లో కుర్చీ వేసుక్కూర్చో. మా వాడు అలాగే కూర్చుని 31 దాకా లెక్కపెట్టాడు, ఒకదాని వెనక ఒకటి, రాయి విసిరినట్టు జారి ఎగిరిపోయాయి.

ఎండుమిరపకాయల పొగ పెట్టమన్నారు ఒకరు. పెట్టాం. దగ్గింది మేం, అవి ఇంకో మూలకి జరిగి కూర్చున్నాయి. కోపంకొద్దీ సందు వెంటనే సిమెంటుతో మూసేసేవు సుమా! లోపల చిక్కుకున్నవి చచ్చి కుళ్లితే, ఇప్పటి కంపు అత్తరనిపిస్తుంది. పెద్దవి ఎగిరిపోయాక కూడా లోపల కిచకిచలు వినిపిస్తే పిల్లలున్నట్టే, అవి రెక్కలొచ్చి ఎగిరేదాకా ఆగు.

మేం చేసిందేమిటంటే, సన్నకళ్ల నైలాన్ జాలీ తెచ్చి ఆ సందు ముందు తెరలా కట్టాం. పైనా పక్కలా బిగించి, అడుగున వదిలేశాం, సందుకి మూరెడు కిందిదాకా వేలాడేట్టు. బయటికొచ్చేవి గోడ వెంట పాకి కిందనుంచి జారిపోతాయి. తిరిగొచ్చినప్పుడు పాత సందు దగ్గరికే వచ్చి జాలీకి తగిలి వెనక్కి పోతాయి. ఓ వారం అలా ఉంచి, సాయంత్రం ఒక్కటీ రావడంలేదని చూసుకున్నాకే మేస్త్రీని పిలిచాం. మిగతా కంతలకీ, వెంటిలేటర్‌కీ కూడా ఆ చేత్తోనే పని చేయించాం.

ఇక ఆ పెంట ఎండుగా ఊడ్చకు. ఆ దుమ్ములో ఊపిరితిత్తులకి పట్టే బూజుండొచ్చు. ముక్కుకి మాస్కు, చేతికి గ్లౌజులు, బ్లీచింగ్ నీళ్లు చల్లి బాగా నానాకే ఎత్తు.

ఏదైనా దారితప్పి గదిలోకొస్తే ముందు ఫ్యాను ఆపు. తర్వాత లైటార్పి, కిటికీలు తీసి, తలుపేసుకుని బయటికి రా, దానంతటదే పోతుంది. నేల మీద పడుంటే ఉత్త చేత్తో ముట్టకు. కరిచినా గీరినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి పరుగెత్తడమే.

గబ్బిలాలనగానే నిపా అని భయపడుతున్నావా? 2018లో కేరళలో గగ్గోలు పెట్టించిన ఆ వైరస్ ముఖ్యంగా ఉండేది చెట్లకి వేలాడే, పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో. మన చూరులోవి పురుగులు తినే బుల్లివి. అయినా పెరట్లో సగం కొరికి పడేసిన జామకాయ మాత్రం పిల్లల్ని తిననివ్వకు.

ఇంట్లో గబ్బిలం అశుభమని శాంతి చేయించమంటారు కొందరు. జాషువాగారు దాని పేరనే కావ్యం రాసినా చెడ్డపేరు పోలేదు పాపం! ఆ శాంతి డబ్బు మేస్త్రీకివ్వు.

అన్నట్టు, సందు మూయించిన పదిరోజులకి ఎదురింటావిడ వచ్చింది. "మా అటక మీద ఎలుకలు పడ్డాయి వదినా, మీ బోను ఓసారి ఇస్తారా?" అని.