ఇంటర్వ్యూ ప్రశ్నపత్రం రాసేది మీరే

ప్రతి ఏడూ పన్నెండో తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగే ప్రశ్న ఒకటే. "సర్, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?" రాతపరీక్షకు సిలబస్ ఉంది, పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయి. ఇంటర్వ్యూకు అవేవీ లేవని వాళ్ల భయం. నేను చూసినంతలో ఇంటర్వ్యూకూ ప్రశ్నపత్రం ఉంది. దాన్ని మనమే సొంత దస్తూరీతో నింపి వాళ్ల చేతికిస్తాం. దాని పేరు దరఖాస్తు.

అసలు విషయానికి ముందు ఒక హెచ్చరిక. మన దీవుల్లో ఉద్యోగం అంటే ఎక్కువమంది మనసులో ఉండేది ప్రభుత్వ ఉద్యోగమే. "రాతపరీక్ష అయిపోయింది, ఇక ఇంటర్వ్యూకు ఎవరినైనా పట్టుకోవాలి" అని ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. ఆ కాలం పోయింది. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి పోస్టులకు, గెజిటెడ్ కాని గ్రూప్ బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూ తీసేశారు. టైపింగ్ పరీక్ష, పరుగు, ఎత్తు కొలతల వంటివి ఉండొచ్చు గానీ అవి ఇంటర్వ్యూలు కావు. అలాంటి పోస్టుకు ఇంటర్వ్యూలో మార్కులు వేయిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే, లేని సరుకు అమ్ముతున్నాడని అర్థం. మీ నాన్నగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

మరి ఇంటర్వ్యూ ఎక్కడ మిగిలింది? సివిల్ సర్వీసుల్లో మొత్తం 2025 మార్కుల్లో 275 దానికే. ఐబీపీఎస్ ద్వారా బ్యాంకు క్లర్కు పోస్టులకు లేదు, ప్రొబేషనరీ ఆఫీసరుకు ఉంది. 100 మార్కుల ఇంటర్వ్యూ, తుది జాబితాలో రాతపరీక్షకూ దానికీ 80:20 నిష్పత్తి. స్వరాజ్ ద్వీప్ హోటళ్లలోనూ ప్రైవేటు కంపెనీల్లోనూ ఎలాగూ ఉంటుంది. కానీ మీలో చాలామందికి తొలి ఇంటర్వ్యూ ఎన్‌డీఏది కావచ్చు. రాతపరీక్షకు 900 మార్కులైతే, సర్వీసెస్ సెలెక్షన్ బోర్డుకు మరో 900. అంటే సగానికి సగం. 2021 నుంచి అమ్మాయిలూ ఈ పరీక్ష రాస్తున్నారు. త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ మన ఊళ్లోనే ఉండగా ఈ దారి గురించి తెలియని పిల్లలు ఇంకా ఉండటం నాకు వింతగానే తోస్తుంది.

ఆ బోర్డులో పరీక్ష ఐదు రోజులు సాగుతుంది. మొదట వడపోత, తర్వాత మనస్తత్వ పరీక్షలు, మైదానంలో జట్టుగా చేసే పనులు, ఒక అధికారితో ముఖాముఖి, చివరిరోజు అధికారులందరూ కూర్చునే కాన్ఫరెన్స్. తెరమీద ఒక్కో మాట 15 సెకన్లు చొప్పున 60 మాటలు చూపించి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాయమంటారు. అక్కడ ఆలోచించి అబద్ధం అల్లే తీరిక ఉండదు. వీటన్నిటితో పాటు ఒక ఫారం నింపిస్తారు. పీఐక్యూ అంటారు. తల్లిదండ్రుల చదువు, వృత్తి, ఆదాయం, అన్నదమ్ములు, మీ మార్కులు, ఆటలు, ఇష్టాలు, మీరు పెరిగిన ఊరు, అది జిల్లా కేంద్రమా కాదా, అన్నీ అందులో ఉంటాయి. ఇంటర్వ్యూ చేసే అధికారి ముందు ఉండే కాగితం అదే.

ఇప్పుడు ఆ ఫారంలో ఒకే ఒక్క గడి తీసుకుందాం. తండ్రి వృత్తి. మన తెలుగువాళ్లలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి జంగ్లీఘాట్ వైపు వేట మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇంటి పిల్లవాడు ఫారంలో ఏం రాస్తాడు? చాలాసార్లు "బిజినెస్" అని రాస్తాడు. అవతలి మనిషి వెంటనే అడుగుతాడు, ఏం బిజినెస్ అని. పిల్లవాడు నీళ్లు నములుతాడు. చేపల వ్యాపారం అంటాడు. కొట్టు ఎక్కడ అంటే కొట్టు లేదంటాడు. మూడో ప్రశ్నకల్లా అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు అధికారి గమనించేది చేపల సంగతి కాదు, కుర్రవాడు దాన్ని దాచాడన్న సంగతి.

అదే పిల్లవాడు "చేపల వేట" అని రాశాడనుకోండి. ప్రశ్నలు ఎలా వస్తాయో చూడండి. ఏ చేపలు పడతాయి? వంజరం ఏ నెలల్లో ఎక్కువ? ఐసు ఎక్కడ దొరుకుతుంది? మరపడవల వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు విరామం ఎందుకు పెట్టారు? ఆ రోజుల్లో చేపలు గుడ్లు పెడతాయని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, ఇంట్లో విన్నదే. అక్కడి నుంచి మాట పెద్దదవుతుంది. మన దీవుల చుట్టూ ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలి దాదాపు 6 లక్షల చదరపు కిలోమీటర్లు, దేశం మొత్తం మండలిలో సుమారు మూడో వంతుకు దగ్గర. అంత సముద్రం ఉండి మన దగ్గర ట్యూనా వేట ఎందుకు పెరగలేదు? దీనికి జవాబు కోచింగ్ పుస్తకంలో వెతకనక్కర్లేదు, నాన్నతో ఒక సాయంత్రం కూర్చుంటే దొరుకుతుంది. నాన్న డ్రైవరైనా, చాథం కర్రమిల్లులో కార్మికుడైనా ఇదే పద్ధతి.

ఇంకో గడి, మీ పేరు. ఇది మనకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది, ఫారాలేమో చివరి పేరు ఏమిటంటాయి. దాంతో పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో వెనక, ఐలాండర్ కార్డులో మరో స్పెల్లింగుతో ఉంటుంది. ఇంటర్వ్యూ లేని ఉద్యోగాల్లో కూడా కాగితాల పరిశీలన దగ్గర ఈ తేడా ప్రాణం తీస్తుంది. పదకొండో తరగతిలోనే కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది.

ఇక ఊరు. ఇక్కడ నా సొంత కథ చెప్పక తప్పదు. మొదటిసారి మెయిన్‌లాండ్‌లో ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లాను. పాఠ్యపుస్తకాలన్నీ నూరిపోసుకుని వెళ్లాను. బోర్డులో ఒక పెద్దాయన "అండమాన్ నుంచి వచ్చారు కదా, బ్యారెన్ ద్వీపం గురించి చెప్పండి" అన్నారు. పేరు తప్ప నాకేమీ తెలియదు. తెలియదంటే బాగుండేది. "అది చల్లారిపోయిన అగ్నిపర్వతం సర్" అన్నాను. ఆయన నవ్వి, దేశంలో ఇప్పటికీ రగులుతున్నది అదొక్కటే కదా, 1991లో పేలినప్పుడు మీరెక్కడున్నారు అన్నారు. ఆ తర్వాత వచ్చిన తేలిక ప్రశ్నలకు కూడా నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు. 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండ గురించి వేరే ఊరాయన చెబితే తెలుసుకున్నాను.

మిమ్మల్ని అడగబోయేవి కూడా ఇలాంటివే. పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని ఎందుకు మార్చారు, ఆ బ్లెయిర్ ఎవరు? 2018 డిసెంబరు 30న మూడు దీవుల పేర్లు మార్చారు, ఆ తేదీకీ 1943కీ ఏమిటి సంబంధం? 2004 సునామీ రోజు మీ ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారు? గ్రేట్ నికోబార్‌లో తలపెట్టిన ఓడరేవు మంచిదా కాదా? చివరిదానికి ఒకే సరైన జవాబు ఉండదు. రెండు వైపులా ఉన్న వాదన తెలిసి, మీకంటూ ఒక అభిప్రాయం ఉందా అని చూస్తారు. సివిల్ సర్వీసుల ప్రకటనలోనే ఇది అడ్డుప్రశ్నల విచారణ కాదు, ఒక ఉద్దేశంతో సహజంగా సాగే సంభాషణ అనే అర్థంలో రాసి ఉంటుంది.

భాష సంగతి. 2011 లెక్కల్లో మన దీవుల జనంలో వందకు సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా చెప్పారు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, బడిలో ఇంగ్లీషు. మూడూ వచ్చి, ఏదీ గట్టిగా రాదేమోనని మనకు బెంగ. శ్రీకాకుళం జిల్లాకే చెందిన రోణంకి గోపాలకృష్ణ గారు ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ 2016 సివిల్స్ రాసి, ఇంటర్వ్యూ కూడా తెలుగులోనే దుబాసి సాయంతో ఇచ్చి, దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. అందరూ తెలుగులోనే ఇవ్వాలని నా ఉద్దేశం కాదు. ఆలోచన ఏ భాషలో స్పష్టంగా ఉంటుందో ముందు ఆ భాషలో చెప్పి చూసుకోండి. తెలుగులో కుదిరిన జవాబు ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలుగా చెప్పడం కష్టం కాదు. ఏ భాషలోనూ కుదరని జవాబుకు ఇంగ్లీషు క్లాసు ఏం చేయగలదు?

సాధనకు ఫోను చాలు. "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకు రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి వినండి. మొదటిసారి మీ గొంతు మీకే నచ్చదు. పదోసారికి "యాక్చువల్లీ"లు సగం రాలిపోతాయి. బట్టీపట్టి మాత్రం చెప్పకండి, మధ్యలో ఆపి ఇంకేదైనా అడిగితే దారి తప్పుతారు. తెలియని ప్రశ్నకు "తెలియదు సర్" అని తలెత్తి చెప్పడం కూడా సాధన చేయాల్సిందే. నేను చేయనిది అదే.

ప్రయాణం మాట మర్చిపోకూడదు. ఓడలో చెన్నైకి గానీ కోల్‌కతాకు గానీ దాదాపు మూడు రోజులు పడుతుంది. విశాఖ ఓడ అంత తరచుగా ఉండదు. వర్షాకాలంలో సముద్రం ఎప్పుడు ఏమంటుందో తెలియదు. దిగిన రోజంతా నేల ఊగుతున్నట్టే ఉంటుంది, కాబట్టి కనీసం రెండు రోజులు ముందుగా చేరండి. అసలు సర్టిఫికెట్లు సామానులో వేయకుండా, ప్లాస్టిక్ కవరులో చుట్టి చేతిసంచిలో పెట్టుకోండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక కొన్ని కంపెనీల ఇంటర్వ్యూలు ఇంట్లోంచే ఇవ్వగలుగుతున్నాం. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి. కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకుని, రెండో ఫోను చార్జి చేసి పక్కన పెట్టుకోండి.

గది బయటికి రాగానే ఎవరితోనూ మాట్లాడకముందే, అడిగిన ప్రశ్నలన్నీ గుర్తున్నంతవరకు ఒక నోటుబుక్కులో రాయండి. మీరిచ్చిన జవాబు, ఇవ్వాల్సిన జవాబు, రెండూ. తిరుగు ఓడలో మూడు రోజుల తీరిక ఎలాగూ ఉంటుంది. ఆ పుస్తకం మన లైబ్రరీలో ఇచ్చి వెళ్లండి. వచ్చే ఏడు ఇదే ప్రశ్న అడిగే పిల్లలకు నేను అదే చూపిస్తాను.