లైటు వెలుగుతోంది, లాప్‌టాప్ లేవట్లేదు

ప్రశ్న: నిన్నటిదాకా బాగానే పనిచేసిన లాప్‌టాప్ ఇవాళ ఆన్ కావడం లేదు. చార్జర్ పెడితే పక్కన లైటు వెలుగుతోంది, అంతే. షాపులో మదర్‌బోర్డు పోయిందంటున్నారు. నిజమేనా?

జవాబు: విప్పి చూడకుండానే చెప్పారా? అయితే తొందరపడకండి. లాప్‌టాప్ మీది లైటు వెలిగిందంటే చార్జర్ నుంచి కరెంటు అందుతున్నట్టే. ముందు చార్జర్, పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ తీసేసి పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన చార్జి పోతుంది. తర్వాత చార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. చాలావాటికి ఈపాటి వైద్యం చాలు. ఫ్యాన్ తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలపండి. అక్కడ బొమ్మ వస్తే లోపం తెర వైపే. రాకపోతే ర్యామ్ తీసి మళ్లీ బిగించమనండి. అడుగుభాగం ఉబ్బినట్టుంటే మాత్రం ఇవేవీ చేయొద్దు, అది బ్యాటరీ ఉబ్బడం కావచ్చు. రిపేరుకే ఇవ్వాల్సివస్తే, మీ ఫైళ్లుండే ఎస్‌ఎస్‌డీ విడిగా ఊడొచ్చేదైతే ముందు దాన్ని తీయించి మీ దగ్గరే ఉంచుకోండి.