చేప చనిపోయిన ఉదయము

పఠన భాగము: మత్తయి 10:29–31

మా చిన్నవాడు గాజుసీసాలో పెంచుకొనుచున్న ఎర్రచేప ఒక ఉదయమున వెల్లకిల తేలియుండెను. వాడు లేవకముందే పారవేసి, పట్టణమునుండి అటువంటిదే మరొకటి తెచ్చి పెట్టుదమని మేమనుకొంటిమి. వాని తల్లి ఒప్పుకొనలేదు.

వానికి చూపగా, “నేను మేత సరిగా వేయలేదా నాన్నా?” అని యేడ్చెను. అప్పుడు నిజము చెప్పవలసివచ్చెను. ముందటి సాయంకాలము నీళ్లు మార్చినవారము మేమే. ఆ దినముననే బావిలో బ్లీచింగు పౌడరు వేసియుండిరి. అది రోగక్రిములను చంపును. చేపల మొప్పలనుకూడ పాడుచేయును. ఆ నీటిని ఒక దినము తొట్టిలో నిలువయుంచిన దాని ఘాటు చాలవరకు పోవును. మేము తొందరపడితిమి. “తప్పు నీది కాదురా, మాది” అని చెప్పి, వానిని క్షమాపణ అడిగితిమి. తండ్రులమైన మనకు ఇది అంత సులువైన మాట కాదు.

చేపకొరకు ఏడ్పేమని పొరుగువారు నవ్విరి. ప్రియులారా, బీదవాని గొఱ్ఱెపిల్లనుగూర్చి నాతాను చెప్పినప్పుడు (2 సమూయేలు 12) దావీదు నవ్వలేదు.

“అది పరలోకమునకు పోవునా?” అని వాడడిగెను. లేఖనము స్పష్టముగా చెప్పనిదానిని మేము చెప్పలేదు. పిచ్చుక నేలపడుటయు తండ్రి యెరుగునను భాగమును చదివి, చేపను మల్లెపాదులో పాతిపెట్టితిమి.

ఖాళీ సీసా ఇంకను కిటికీలోనే యున్నది. మరొక చేప సంగతి వాడే యెత్తునని ఊరకున్నాము.