‘మాలపల్లి’తో ఒక చరిత్ర పాఠం

తొమ్మిదో తరగతి పిల్లలకు చరిత్ర అంటే తారీఖులే. ఆదివారం స్టడీ అవర్‌లో సాంఘికశాస్త్రం చెప్పడానికి వస్తున్న మా పూర్వ విద్యార్థులకు ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసింది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చిందని బోర్డు మీద రాస్తే, రాసుకుని నోట్సు మూసేశారు. మరుసటి వారం ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ పట్టుకెళ్లాం.

అప్పుడే హాస్టల్లో ఒకరి ట్రంకు పెట్టెలోంచి అరవై రూపాయలు పోయాయి. అంతకుముందు రెండుసార్లు చెప్పకుండా పారిపోయిన కుర్రాడి మీద అందరి కళ్లూ పడ్డాయి. రుజువేమీ లేదు. అయినా భోజనాల వరసలో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఉన్నవ వారు ఈ నవలను సహాయ నిరాకరణ రోజుల్లో జైలులో రాశారు. 1922లో వెలువడిన ఈ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కథను చూసి ప్రభుత్వానికి భయమెందుకు? ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాం. రామదాసు దైవభక్తుడు. ఆయన కొడుకు సంగదాసును భూస్వామి చౌదరయ్య చంపుతాడు. అదే ఇంటి మరో బిడ్డ వెంకటదాసు, తక్కెళ్ల జగ్గడనే పేరుతో దోపిళ్లకు దిగుతాడు. ఆ ఇల్లు ఏమేం పోగొట్టుకుందో ఒక పక్క, వెంకటదాసు ఏం చేశాడో మరో పక్క రాయమన్నాం. మొదటి పక్క కాగితం చాలలేదు.

అప్పుడు మళ్లీ చట్టం దగ్గరికి వచ్చాం. వెంకటదాసు దొంగ అయ్యాడు. ఆ చట్టం మాత్రం కొన్ని జాతులవారిని పుట్టుకతోనే దొంగలన్నది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను ఉంచి, ఆ సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. పిల్లలకు బడి, పెద్దలకు పని, అందరికీ ప్రార్థన ఉంటే మనుషులు మారతారని వాళ్లు నమ్మారు. చదువు చెప్పారు, కాదనలేం. కానీ తల్లిదండ్రుల దగ్గర ఉంటే బిడ్డలు చెడిపోతారన్న తలంపుతో ఇలాంటి సెటిల్‌మెంట్లలో పిల్లలను వేరుగా ఉంచడమూ జరిగింది. హాజరు పలకాలి, పొలిమేర దాటాలంటే పాసు కావాలి. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు.

“మన రాత్రి అటెండెన్స్ లాంటిదేనా అన్నా?” అని వెనక వరసలోంచి ఒకడు అడిగాడు.

నవ్వు వచ్చింది గానీ జవాబు వెంటనే రాలేదు. ఇక్కడ మీ నాన్నే తెచ్చి చేర్పించాడు, సెలవులకు ఇంటికి పోతారు, అది వేరు అన్నాం. కానీ ఆ కుర్రాడు రెండుసార్లు పారిపోతే, ఉన్నాడా లేడా అని చూశామే తప్ప ఎందుకు పోయాడని మాలో ఎవరమూ అడగలేదు. చర్చికి వెళ్లే పిల్లవాడొకడు తప్పిపోయిన కుమారుడి కథ ఎత్తాడు. లూకా సువార్త 15వ అధ్యాయంలో ఆ తండ్రి, కొడుకు ఇంకా దూరంగా ఉండగానే చూసి పరుగెత్తి ఎదురెళ్తాడు. డబ్బు లెక్క అడగడు. లెక్కలు తీసింది ఇంటిదగ్గరున్న అన్నే అని వాడు చెబుతుంటే, మేమూ అన్నలమే కదా, తల దించుకున్నాం.

ఆ సాయంత్రం కుర్రాణ్ణి పక్కకు పిలిచి అడిగాం. అమ్మానాన్నలు మిరపకోతలకు వలస పోయారట. చెల్లెలు ముసలి నాయనమ్మ దగ్గర ఉంది. జ్వరమని తెలిసి ఒకసారి, చూడాలనిపించి ఒకసారి పోయాడు. చెబితే పంపరని చెప్పలేదు.

ఈ పాఠం చెప్పాలనుకునే సీనియర్లకు ఒక మాట. నవల పెద్దది, మొత్తం చదివించాలని పట్టుబట్టకండి. రెండు మూడు ఘట్టాలు పైకి చదివించండి, తారీఖులు తర్వాత రాయించండి. ఈసారి చట్టం ఏ సంవత్సరంలో వచ్చిందని అడిగితే సగంమందికి పైగా చేతులెత్తారు.

అరవై రూపాయలు ఎవరు తీశారో ఇప్పటికీ తేలలేదు. జగ్గడు చివరికి ఏమయ్యాడో చెప్పమని ఆ కుర్రాడు రెండు వారాలు వెంటపడ్డాడు. మేం చెప్పలేదు. పుస్తకం వాడి పెట్టెలోనే ఉంది.