తప్పుడు వార్తకు తగిన జవాబు



"అల్లరి చేసే ప్రతి పిల్లవాడికీ ఏడీహెచ్‌డీ అని పేరు పెడుతున్నారు", "ఆ మందులు పనిచేయవు" అనే మాటలు పత్రికల్లో, టీవీలో మీ కంట పడే ఉంటాయి. మనం చదివి పక్కన పెడతాం. కాని ఒకచోట నిలవలేని బిడ్డను పెంచుతున్న తల్లి అదే వార్త చదివితే? డాక్టరు రాసిన మందును ఆ రాత్రే ఆపేయవచ్చు. చుట్టాలు ఆమె పెంపకాన్నే తప్పుపట్టవచ్చు. అందుకే ఇలాంటి వార్తలకు ఎలా జవాబు చెప్పాలో ఈ వారం నేర్చుకుందాం.

ఏడీహెచ్‌డీ అంటే ఏమిటి?

ఏకాగ్రత నిలవకపోవడం, మితిమీరిన చురుకుదనం, ఆలోచించకుండా తొందరపడటం దీని లక్షణాలు. దీన్ని రక్తపరీక్షతో తేల్చలేరు. ఈ లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించాలి, కనీసం 6 నెలలు కొనసాగాలి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లనైనా ఉండాలి, బిడ్డ చదువుకో నడవడికకో ఆటంకం కావాలి. వీటన్నిటినీ విచారించాకే నిపుణులు నిర్ధారిస్తారు. ఒట్టి అల్లరి ఏడీహెచ్‌డీ కాదు.

బ్రిటన్‌లో ఏం జరిగింది?

2007 నవంబరులో బీబీసీ 'పనోరమా' కార్యక్రమం ఏడీహెచ్‌డీ మందుల గురించి ఒక కథనం ప్రసారం చేసింది. దానికి ఆధారం అమెరికాలో మొదలైన ఎంటీఏ అనే పెద్ద అధ్యయనం. అందులో 579 మంది పిల్లలను నాలుగు గుంపులుగా చేసి, 14 నెలలపాటు వేర్వేరు చికిత్సలు ఇచ్చారు. జాగ్రత్తగా ఇచ్చిన మందు ముఖ్య లక్షణాలను బాగా తగ్గించిందని 1999లో ప్రకటించారు. ఆ తరువాత ఏ చికిత్స కొనసాగించాలో కుటుంబాలే ఎంచుకున్నాయి. మూడేళ్లకు చూస్తే గుంపుల మధ్య తేడా కనిపించలేదు. అయితే పిల్లలు మొదటికంటే మెరుగ్గానే ఉన్నారు.

"గుంపుల మధ్య తేడా లేదు" అనడం వేరు, "మందు పనిచేయదు" అనడం వేరు. ఆ కార్యక్రమంపై ఫిర్యాదు వెళ్లింది. అది బీబీసీ ట్రస్టు దాకా చేరింది. అధ్యయన ఫలితాలను కార్యక్రమం ఖచ్చితంగా చెప్పలేదని ట్రస్టు 2010లో తేల్చింది. రెండేళ్లకు పైగా పట్టినా, ఓపికగా నడిపిన ఫిర్యాదు వృథా కాలేదు.

మనం ఏం చేయవచ్చు?

మొదట, వార్తను పూర్తిగా చదవండి. మనకు నచ్చని ప్రతి వార్తా అబద్ధం కాదు. తొందరపాటు నిర్ధారణలను ప్రశ్నించే హక్కు పత్రికలకు ఉంది. చెప్పిన వాస్తవం తప్పా, కాదా అన్నదే చూడాలి.

రెండవది, తేదీ, పేజీ లేక ప్రసార సమయం, తప్పుగా చెప్పిన వాక్యం, సరైన సమాచారం, దాని ఆధారం రాసిపెట్టుకోండి. కోపపు మాటలు వద్దు. పిల్లవాడి పేరు బయటపెట్టవద్దు.

మూడవది, మన దేశంలో పత్రిక అయితే ముందుగా సంపాదకునికి ఉత్తరం రాయండి. ఫలితం లేకపోతే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు రాయవచ్చు. దినపత్రిక, వారపత్రికల విషయంలో ప్రచురించిన 2 నెలల్లోగా ఫిర్యాదు చేరాలి. కౌన్సిల్ జరిమానా వేయలేదు గాని, హెచ్చరించగలదు, మందలించగలదు. టీవీ అయితే ముందుగా ఛానెల్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 2021 నిబంధనల ప్రకారం 15 రోజుల్లోగా ఛానెల్ దాన్ని పరిష్కరించాలి. తృప్తి కలగకపోతే ఆ ఛానెల్ సభ్యత్వమున్న స్వీయ నియంత్రణ సంస్థకు 15 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ప్రతి ఉత్తరానికీ నకలు దాచుకోండి.

అన్నిటికంటే ముఖ్యం: వార్త చదివి మందు ఆపకండి, మొదలుపెట్టకండి. ముందు డాక్టరును అడగండి.

ఇంటిల్లిపాదీ చర్చించండి

1. ఈ వారం చదివిన ఆరోగ్య వార్తలో వాస్తవం ఎంత, అభిప్రాయం ఎంత?
2. మన వీధిలో అలాంటి బిడ్డ ఉంటే ఆ తల్లిదండ్రులతో మనం ఎలా మాట్లాడుతున్నాం?
3. తప్పుడు వార్త కనబడితే మన ఇంట్లో ఉత్తరం రాసేది ఎవరు?