ఆపితే చెడే పని, ఆపినా చెడని పని

వికారాబాద్

బిడ్డా,

నీ ఉత్తరం చేరింది. కరాటే, అద్దాల కుట్టు, బడి కమిటీ, ఈ మూడింట్ల ఏది ఇడిసిపెట్టాలె పెద్దమ్మా అని అడిగినవు. ఏదీ ఇడిసిపెట్టకు. కానీ రోజుకు మూడు గంటలు దొరుకుతయని, తలా ఒక గంట పంచి కాగితం మీద గీతలు గీసి పంపినవు చూడు, దాన్ని మాత్రం చింపెయ్యి. నల్లా ఎప్పుడొస్తదో తెల్వని ఇంట్ల, ఇద్దరు పిల్లలున్న ఇంట్ల, గంట అనేది గంటలెక్క దొరకది.

నేను వేరే తీరుగ లెక్క పెడత. మధ్యల ఆపితే చెడిపోయే పనులు కొన్ని. ఆపినా చెడనివి కొన్ని. తారీకు దాటితే చేసినా చెయ్యకున్నా ఒకటే అయ్యేవి కొన్ని. నీ మూడు పనులు ఈ మూడు తీర్లవి. అన్నిటికీ ఒకటే కొలత పెట్టబోయినవు, అందుకే ఏదీ ముంగటపడతలేదు.

కుట్టు ఆపినా చెడని పని. మన జిల్లాల కొడంగల్, బొంరాస్‌పేట దిక్కు తండాలు మస్తు. అక్కడి లంబాడీ ముసలోళ్లు కుట్టిన ఫేటియా లంగా, కాంచళి రవిక చేతుల పట్టుకొని చూడు. ఒక్కోదానికి నెలలు పట్టి ఉంటది. ఆ నెలలన్నీ కూలికి పోవుడు మానుకొని ఏ తల్లీ కూసోలేదు. పొయ్యి మీద అన్నం ఉడికేదాకా కొంత, పిల్ల పండుకున్నంక కొంత కుట్టుకున్నదే. కర్ణాటకల బళ్లారి జిల్లా సండూరు లంబాడీ కుట్టుకు 2010ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైల హంపిల జీ20 సాంస్కృతిక సమావేశాలు జరిగినప్పుడు ఆ ఆడవాళ్లు 450 మందికి పైగ కలిసి చేసిన 1,755 వస్తువులను ఒక్కచోట పెడితే గిన్నిస్ రికార్డు అయింది. అంత మంది చేతులు కలిసినా, ఎవరి ముక్క వాళ్లు వాళ్ల వాకిట్ల కూసోని కుట్టుకునే పనే అది.

అందుకని పెద్ద దుప్పటి ముంగటేసుకోకు. అరచెయ్యంత ముక్కలు తీసుకో, తర్వాత కలుపుకోవచ్చు. దారం ఎక్కించిన సూదులు ఒక డబ్బాల పెట్టుకో. ఇంట్ల నీ కండ్లు బాగ కనవడే యాళ్ల వేరు, నీకు తీరిక దొరికే యాళ్ల వేరు. సూదిల దారం పెట్టుడు మాత్రం పగటిపూట చేసుకో. ఒక్క సంగతి యాదుంచుకో. అద్దం మీద నిలువు రెండు, అడ్డం రెండు దారాలు బిగించి, వాటిని పట్టుకొని చుట్టూ కాజా కుట్టు తిప్పుతం గద. ఆ చుట్టు పూర్తయ్యేదాకా లెవ్వకు. సగంల ఇడిస్తే దారం వదులై అద్దం జారుతది. అద్దానికీ అద్దానికీ నడుమ ఎన్ని సార్లన్నా ఆపు, ఎన్ని రోజులన్నా ఆపు. ఇంకోటి, తండా వాళ్ల దగ్గర నేర్చుకున్న నమూనా అమ్మితే ఎవరి దగ్గర నేర్చుకున్నవో కొనేటోళ్లకు చెప్పు. చాలామంది చెప్పరు, నాకది నచ్చదు.

కరాటే అట్ల కాదు. పిల్లలు, నువ్వు కలిసి నేర్చుకుంటున్న కటా (వరుస కదలికల సాధన) హెయాన్ షోదాన్‌ల 21 కదలికలు. మొదటి నుంచి చివరిదాకా చేస్తే ఒక నిమిషం పట్టది. కానీ పదో కదలిక కాడ ఫోన్ ఎత్తుకుంటే మళ్లీ మొదటికి రావాల్సిందే. శ్వాస తెగుతది, కాళ్ల బరువు తెగుతది. అందుకని దీనికి పొడుగు సమయం వద్దు, తెగని సమయం కావాలె. పొద్దున పదిహేను నిమిషాలు, తలుపు దగ్గరేసి, ఫోన్ వంటింట్ల పెట్టి, అల్లునితోటి నలుగురు కలిసి చేస్తే చాలు. వారానికి రెండు సార్లు మాస్టారు దగ్గరికి పోతనే ఉన్నరు గద.

ఆ కటాలు కూడా బడి కోసం పుట్టినవే అని నీకు తెలుసో లేదో. జపాన్ ఒకినావాల ఇటోసు అంకో అనే పెద్దాయన 1901 ప్రాంతంల కరాటేను ప్రైమరీ బడిలకు తెచ్చిండు. పిల్లలకు పాత కటాలు బరువైతున్నయని పినాన్ అని ఐదు చిన్న కటాలు తయారు చేసిండు. వాటికే తర్వాత హెయాన్ అని పేరొచ్చింది. 1908ల ఆయన కరాటేను బడులల్ల ఎందుకు నేర్పాల్నో పది అంశాలు రాసి ఒక ఉత్తరం పంపిండు. రోజుకు గంటో రెండు గంటలో సాధన చేస్తే మూడు నాలుగేండ్లల్ల ఒళ్లు మారుతదని అండ్ల ఉంది. ఆయనకు బిందెలు నింపే పని లేదనుకుంట.

ఆయన శిష్యుడు గిచిన్ ఫునాకోషి, 1868ల పుట్టిండు, ఒకినావాల ముప్పై ఏండ్లు ప్రైమరీ బడి పంతులు. జీతం తక్కువ, ఇంటి నిండ మనుషులు. తన ఆత్మకథల భార్య గురించి ఆయన రాసుకున్నది నువ్వు తెలుసుకోవాలె. ఆమె కూరగాయలు పండించేది, మగ్గం మీద కసూరి బట్ట నేసి నాలుగు పైసలు తెచ్చేది, పిల్లలను సాదేది. అలసట వచ్చినప్పుడు పండుకోక, బయటికి పోయి కటా చేసేదట, ఒళ్లు ఇడుస్తదని. చూసి చూసి, చేసి చేసి ఆమెకు ఎంత వచ్చిందంటే, ఆయన ఇంట్ల లేనప్పుడు వచ్చిన పిలగాండ్లకు ఆమెనే నేర్పేదట. బడి, దారం పని, కరాటే, నీ ఇంట్ల ఉన్న మూడూ ఆ ఇంట్ల ఉన్నయి. కానీ 1922ల ఆయన టోక్యో పోయి పేరు తెచ్చుకుంటే, ఆమె ఏండ్ల తరబడి ఒకినావాల్నే ఉండిపోయింది. కరాటే చరిత్ర రాసినోళ్లందరూ ఆయన గొప్పతనం రాసిన్రు. ఇల్లు ఎవరు నడిపిన్రు అన్నది ఆయన రాసుకున్నందుకు మనకు తెలిసింది, లేకుంటే అదీ లేదు. ఈ పేజీ అల్లునికి కూడా సదివి వినిపించు. కలిసి సాధన చేసినంక చాప మడిచేది, పిల్లలకు తానాలు పోసేది ఆయన పని అని నేను చెప్పిన్నని చెప్పు.

చాప అంటే యాదికొచ్చింది. మీ తాండూరుల ఇంటింటికీ పాలిష్ పట్టిన నాపబండనే. చెమట పడితే కాలు జారుతది, మోకాళ్లకు దెబ్బ. రంగు రంగుల ఫోమ్ ముక్కలు ఒకదాంట్ల ఒకటి ఇరికించే చాపలు దొరుకుతయి, అవి పరుసు. వాకిట్ల చెయ్యాలనుకుంటే పాలిష్ పట్టని బండ మీద, బండల లారీలు తిరిగి దుమ్ము లేవకముందే. చాప మీద నువ్వు తల్లివి కావు. పిల్ల నిలబడే తీరు తప్పైతే మాస్టారు చెప్తడు, నువ్వు చెప్పకు. పిల్లకు నీకంటే ముందు పచ్చ బెల్టు వస్తే ఆమెకు వంగి దండం పెట్టి ఎదురుంగ నిలబడు. బెల్టుల మీద మోజు పడకు. నల్ల బెల్టు జూడో పెట్టిన జిగోరో కానో కాలంల వచ్చింది. ఈ రంగులన్నీ 1930లల్ల యూరప్‌ల జూడో నేర్పేటోళ్ల నుంచి ప్రచారమైనయి. పరీక్ష ఫీజు కోసం రంగు మారుస్తున్నరని అనిపిస్తే, ఈ సారి ఆగుతమని మాస్టారుకు మర్యాదగ చెప్పు.

ఇగ బడి. ఇది తారీకుల పని. జూన్ 12న బడి తెరుస్తరు. ఆ రోజుకు నల్లాకు నీళ్లు రావాలె, మరుగుదొడ్డికి గొళ్లెం ఉండాలె. జులైల చేసినా పనే గనీ, ఆ నెలంతా ఆడపిల్లలు ఇబ్బంది పడ్డంక చేసినట్టు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీల ముప్పావు మంది తల్లిదండ్రులే ఉండాలె, మొత్తంల సగం ఆడవాళ్లు. మన రాష్ట్రంల 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి, మహిళా సంఘం అధ్యక్షురాలినే ముందు పెట్టిన్రు, హెడ్మాస్టర్ కన్వీనర్. నీళ్లు, కరెంటు, చిన్న చిన్న మరమ్మతులు మీ చేతికే వచ్చినయి. పిల్లల యూనిఫాంలు కుట్టే పని కూడా సంఘాల ఆడవాళ్లకే ఇచ్చిన్రు.

ఇక్కడ జాగ్రత్తగ ఉండు. యూనిఫాం కుట్టుడు కూడా కుట్టుపనే అని దాన్ని అద్దాల కుట్టుతోటి కలపకు. చెయ్యి అదే గనీ ఇది తారీకు ఉన్న పని. మే నెలంతా మిషను మీద యూనిఫాం తప్ప ఇంకోటి వద్దు. అద్దాల ముక్కలు డబ్బాల పడి ఉంటయి, వాటికేం కాదు. అట్లనే డిసెంబర్, జనవరిల మీ అత్తగారోళ్ల కంది కోతకొస్తది. తాండూరు కందికి 2022ల భౌగోళిక గుర్తింపు వచ్చింది, బాగనే ఉంది, కానీ ఆ గుర్తింపు కోత కోసిపెట్టది. ఆ రోజులల్ల కమిటీ మీటింగుకు నీ బదులు ఇంకో తల్లిని పోనీయ్. పదిహేను నిమిషాల సాధన మాత్రం ఆపకు.

బడికి పోయి ఏం చెయ్యాల్నో తెల్వక ఊరికే తిరిగొస్తున్నని రాసినవు. సదువు రాని పిల్లల పక్కన కూసోని సదివించు. 2022 ఆగస్టుల మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల సదువు కోసమే. టీచరమ్మ ఇచ్చిన పుస్తకం పట్టుకో, నీ సొంత పాఠం మొదలుపెట్టకు. ఇంకోటి ఉంది, అది నీకే తగిన పని. సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి పేరుతోటి సర్కారు బడుల్ల ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పుతరు. మూడు నెలలకు అయిపోతది. అయిపోయినంక ఆ పిల్లలు నేర్చుకున్నది ఏడికి పోతది? వారానికి ఒక రోజు, ప్రార్థన అయినంక, వాళ్ల మాస్టారు నేర్పినవి వాళ్లతోనే మళ్లీ చేయించు. హెడ్మాస్టర్‌ను అడిగి చెయ్యి. కొత్తవి నేర్పకు, ఒకరిమీదికి ఒకరిని ఉసిగొల్పే ఆటలు వద్దు. నువ్వు ఎల్లో బెల్టువి, అంతే. గట్టిగ అరవనియ్యి. మన ఆడపిల్లలకు చెయ్యి ఎత్తుడు కంటే గొంతు ఎత్తుడే కష్టమైతది.

చివరికి ఒక చిన్న సంగతి. కమిటీ తీర్మానాల పుస్తకం నీ ముందు పెట్టినప్పుడు ఖాళీ జాగ కింద సంతకం పెట్టకు. పని పేరు, పైసలు, తారీకు మూడూ రాసినంకనే పెట్టు, ఆ పేజీ ఫోటో తీసి నీ ఫోన్ల ఉంచుకో. కంది అమ్ముడైనంక పిల్లలను తీసుకొని రైలెక్కు, నువ్వు కుట్టిన ముక్కలు కూడా పట్టుకొని రా, ఎక్కడెక్కడ దారం వదులైందో చూద్దం.

నీ పెద్దమ్మ