మడమ రక్తం మళ్ళీ కావాలంటే

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉండగా, మడమ రక్తపు స్క్రీనింగులో 17-ఓహెచ్‌పీ అనే హార్మోను ఎక్కువ వచ్చింది, మళ్ళీ రక్తం తీయాలంటే ఏ తల్లికైనా గుండె జారిపోతుంది. అమ్మా, ఆ ఒక్క అంకెతో మీ బిడ్డకు జబ్బని తేలిపోయినట్టు కాదు.

మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ తయారుచేస్తాయి. అందుకు కావలసిన ఎంజైము పుట్టుకతోనే లోపిస్తే పని మధ్యలో ఆగిపోయి, 17-ఓహెచ్‌పీ రక్తంలో పేరుకుంటుంది. ఈ జబ్బునే సీఏహెచ్ అంటారు. కానీ ముందుగా పుట్టిన పిల్లల్లో ఆ గ్రంథులు ఇంకా పక్వానికి రావు. పైగా ఊపిరి కోసం, ఇన్ఫెక్షన్లతో వాళ్ళు పడే అవస్థ ఒకటి. అందువల్ల జబ్బు లేకపోయినా అంకె పెరుగుతుంది. బిడ్డ బరువును బట్టో, ఎన్నో వారంలో పుట్టిందన్నదాన్ని బట్టో హద్దును మార్చి చూడాలి. ఆ వివరాలు రక్తపు చుక్కల కార్డు మీద సరిగా రాశారా అని మొహమాటపడకుండా అడగండి.

అలాగని 'నెల తక్కువ పిల్లలకు ఇది మామూలే' అని ఊరుకోవద్దు. నిజంగా జబ్బుంటే ఒంట్లోని ఉప్పు మూత్రంలో పోయి, మొదటి రెండు మూడు వారాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ఆడపిల్లల్లో జననాంగాల తీరు చూసి డాక్టర్లు అనుమానించగలరు. మగపిల్లలు పైకి మామూలుగానే కనిపిస్తారు, నాకు ఎక్కువ భయం వాళ్ళ గురించే. ఇంటికి వచ్చాక బిడ్డ పాలు తాగకపోయినా, వాంతులవుతున్నా, మగతగా పడి ఉన్నా రిపోర్టు కోసం ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి సోడియం, పొటాషియం, షుగరు చూపించండి.

మొదటి రిపోర్టు బాగుందన్నా రెండో పరీక్ష మానొద్దు. ఇదే స్క్రీనింగులో చూసే థైరాయిడ్ లోపం ఉన్నా, నెల తక్కువ పిల్లల్లో దాన్ని పట్టించే టీఎస్‌హెచ్ అనే హార్మోను కొన్నిసార్లు ఆలస్యంగా పెరుగుతుంది. రెండు నుంచి నాలుగు వారాల మధ్య మరోసారి చూస్తే దొరుకుతుంది. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ రాయించుకోండి.

సీఏహెచ్ అని తేలితే ఇంట్లో పెద్దలు కోడలి తప్పనో, ఆమె పుట్టింటి వంశమనో అనకూడదు. లోపమున్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరితేనే ఈ జబ్బు వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. మందులు జీవితాంతం వాడాలి, జ్వరమొస్తే డాక్టరు చెప్పినట్టు మోతాదు పెంచాలి. అలా చూసుకుంటే బిడ్డ అందరిలాగే బడికి వెళ్తుంది. ఆ తల్లిదండ్రులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది కనుక, మరో బిడ్డ కావాలనుకుంటే ముందే జన్యు వైద్యులను కలవండి.